బోర్డు ఒకటే, గల్లాపెట్టెలు వేరు

నాలుగేళ్లపాటు నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్లకి కూడా సరిగ్గా తెలీదు. ఒక పెద్ద అంతర్జాతీయ లా ఫర్మ్‌లో కాన్‌ఫ్లిక్ట్స్ టీమ్, అంటే ఒకే గొడవలో రెండు పక్షాలకీ మా సంస్థే లాయరు కాకుండా చూసే జట్టు. నేను లాయర్ని కాను, నల్లకోటు ఎప్పుడూ వేసుకోలేదు. నా పనల్లా పేర్లు వెతకడం. ఏ దేశంలోని ఆఫీసుకి కొత్త కేసు వచ్చినా ముందు మాకో ఫారం వచ్చేది. క్లయింటు ఎవరు, అవతలి పక్షం ఎవరు, వాళ్ల వెనక ఉన్న పెద్ద కంపెనీలు ఏవి, డైరెక్టర్లు ఎవరు. ఆ పేర్లన్నీ డేటాబేస్‌లో కొట్టి చూసి, తర్వాత అన్ని ఆఫీసులకీ మెయిల్ పెట్టేవాళ్లం: "వీళ్లలో ఎవరైనా మీ క్లయింట్లా? ఎవరి మీదైనా కేసు నడుపుతున్నారా?" ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే 'క్లియర్' అని రాసేవాళ్లం. మేం ఆ ఒక్క మాట రాసేదాకా ఎంత పేరుమోసిన లాయరైనా ఆ ఫైలు ముట్టుకోకూడదు.

ఒకసారి రాయకూడని చోట 'క్లియర్' అని రాశాను. అవతలి కంపెనీ పేరు వేరే లిపిలోంచి ఇంగ్లీషులోకి మారేటప్పుడు రెండు ఆఫీసుల్లో రెండు రకాలుగా పడింది. ఒకచోట 'హెచ్' ఉంది, ఇంకోచోట లేదు. నేను 'హెచ్' ఉన్నది వెతికాను. పదిహేడు రోజుల తర్వాత వేరే ఖండంలోని మా ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, ఆ కంపెనీ ఆరేళ్లుగా తమ క్లయింటని. అప్పటికే మావాళ్లు దాని మీద దావా కాగితాలు సిద్ధం చేసి కూర్చున్నారు. ఆ పని చూస్తున్న పార్ట్‌నర్ (సంస్థ లాభంలో వాటా ఉన్న లాయరు) నన్ను తిట్టలేదు. నా మెయిల్ ప్రింటు తీసి, పేరు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, నా బల్ల మీద పెట్టాడు. "ఆ ఆఫీసు చట్టప్రకారం వేరే సంస్థండీ అని చెప్పి చూశాం. ఆ కంపెనీవాళ్లు మన విజిటింగ్ కార్డు తీసి, రెండుచోట్లా ఉన్న ఒకే పేరు చూపించారు" అన్నాడు.

కేసు వదులుకున్నారు. ఆ విజిటింగ్ కార్డు మాత్రం నా బుర్రలోంచి పోలేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ కార్డు గురించే. అంతర్జాతీయ లా ఫర్మ్‌లు ఎలా పెరిగాయో చెప్పేటప్పుడు ఎన్ని దేశాలు, ఎన్ని ఆఫీసులు, ఎంతమంది లాయర్లు అని లెక్కలు చెబుతారు. నాకు ఆ లెక్కల మీద పెద్ద గౌరవం లేదు. అసలు అడగాల్సింది గల్లాపెట్టె ఒకటేనా, వేర్వేరా అని. లాభం వచ్చినప్పుడు ఎవరెవరు పంచుకుంటారు, తప్పు జరిగినప్పుడు ఎవరెవరు జేబులో చెయ్యి పెడతారు? డెబ్భై ఏళ్లుగా ఈ సంస్థలు ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. చాలామటుకు తప్పించుకుంటూనే తిరుగుతున్నాయి.

ఈ కథకి తొలి నాయకుడు రసెల్ బేకర్. న్యూ మెక్సికో నుంచి చదువుకోసం చికాగో వచ్చినవాడు. 1925లో యూనివర్సిటీ ఆఫ్ చికాగోలో లా డిగ్రీ పుచ్చుకుని, డేనా సింప్సన్‌తో కలిసి అదే ఏడు చిన్న ఆఫీసు తెరిచాడు. చికాగోలో అప్పటికి మెక్సికన్ వలస కుటుంబాలు చాలా ఉండేవి. బేకర్ ఆ కుటుంబాల కేసులు పట్టాడు. తర్వాత లాటిన్ అమెరికాలో వ్యాపారాలున్న కంపెనీల పని చేతికి వచ్చింది, మందుల కంపెనీ అబట్ లేబొరేటరీస్ వాటిలో ఒకటి. అక్కడే అతనికి ఒక సంగతి తట్టినట్టుంది: కంపెనీ సరిహద్దు దాటుతోంది, దాని లాయరు మాత్రం సరిహద్దు దగ్గరే ఆగిపోతున్నాడు. మెక్సికోలో మెక్సికో లాయరు, బ్రెజిల్‌లో బ్రెజిల్ లాయరు. ఒకరికొకరు మొహం తెలీదు, ఉత్తరాల మీదే పని.

కోర్టులో వాదించే దిట్ట జాన్ మెకెంజీ అతనికి ఒక టాక్సీలో కలిశాడని ఆ సంస్థవాళ్లు చెప్పుకునే కథ. పుట్టుక కథ లేని లా ఫర్మ్ ఉండదు కదా, ఉండనిద్దాం. 1949లో ఇద్దరి పేర్లూ బోర్డెక్కాయి, బేకర్ అండ్ మెకెంజీ అని. 1955లో తొలి విదేశీ ఆఫీసు వెనెజువెలా రాజధాని కారకాస్‌లో తెరిచారు. లండన్ కాదు, పారిస్ కాదు. అప్పటికి వెనెజువెలా చమురు కోసం అమెరికన్ కంపెనీలు బారులు తీరి ఉన్నాయి, క్లయింటు ఎక్కడుంటే లాయరు అక్కడ. రెండు మూడేళ్లలో ఆమ్‌స్టర్‌డామ్, బ్రసెల్స్ కూడా వచ్చాయి.

బేకర్ అసలు గొప్పదనం ఆఫీసులు తెరవడంలో లేదు. ఆ పని అంతకుముందే చేసినవాళ్లున్నారు. న్యూయార్క్‌లో 1853లో పుట్టిన కూడర్ బ్రదర్స్ 1879లోనే పారిస్‌లో ఆఫీసు పెట్టింది. వాళ్లు, వాళ్ల తర్వాత వెళ్లినవాళ్లు ఎక్కువగా తమ దేశం లాయర్లనే పంపేవాళ్లు. పైదేశంలో కూర్చుని సొంతదేశం చట్టం చెప్పడం వాళ్ల పని. బేకర్ దాన్ని తిరగేశాడు. ఆ దేశంలో పుట్టి, ఆ దేశం బార్‌లో పేరు నమోదైన లాయర్లనే తీసుకున్నాడు. గుమస్తాల్లా కాదు, భాగస్వాముల్లా. 1981లో పారిస్ ఆఫీసులో చేరిన క్రిస్టీన్ లగార్డ్ అనే ఫ్రెంచి లాయరు 1999లో ఆ సంస్థ మొత్తానికి ఛైర్మన్ అయింది. ఈ ఆవిడే తర్వాత ఐఎంఎఫ్‌కీ, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుకీ అధిపతి అయింది. అంతకుముందు ఫ్రాన్స్‌లో ఇంకో సంస్థ ఇంటర్వ్యూలో, ఆడపిల్లవి, నీకు ఎప్పటికీ పార్ట్‌నర్ పదవి రాదని మొహమ్మీదే చెప్పారట, ఆవిడే చెప్పుకుంది. చికాగోలో మొదలైన సంస్థలో ఆవిడకి పెద్దపీట దక్కింది. ఈ పద్ధతి మీద నాకున్న అభిమానం దాచుకోను.

అయితే దీనికో మెలిక ఉంది. కారకాస్ వాడి సంపాదన, ఆమ్‌స్టర్‌డామ్ వాడి సంపాదన ఒకలా ఉండవు. అంతా ఒకచోట పోసి పంచుకుంటే ఎక్కువ తెచ్చేవాడికి ఒళ్లు మండుతుంది. అందుకే ఆ సంస్థలో మొదట్నుంచీ ఎవరు పని తెచ్చారు, ఎవరు చేశారు అని లెక్కగట్టి పంచే సూత్రం నడిచింది. ఇంటిపేరు ఒకటే అయినా ఎవరి సంపాదన వాళ్లది అన్న రకం.

లండన్, న్యూయార్క్ పాత సంస్థలది ఇంకో దారి. వాళ్లది ఉమ్మడి కుటుంబం. పార్ట్‌నర్ అయిన రోజు నుంచి ఏడాదికేడాది వాటా ఒక మెట్టు పెరుగుతుంది, ఎవరు ఎంత తెచ్చారన్నది అడగరు. దీన్ని లాక్‌స్టెప్ అంటారు. న్యూయార్క్‌లోని క్రవాత్ లాంటి సంస్థలు చాలాకాలం దీన్ని మడిగా పాటించాయి. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, నా క్లయింటుకి నాకన్నా పక్కగదిలో ఉన్నవాడు బాగా పనికొస్తాడనిపిస్తే సంతోషంగా అటు పంపిస్తాను, నా వాటా ఎక్కడికీ పోదు కాబట్టి. ఉన్న కష్టం ఉమ్మడి కుటుంబాలన్నిటిలో ఉన్నదే: పని చెయ్యని బావగారు.

లండన్ సంస్థలు అసలు పెద్దవెలా అయ్యాయన్నది ఇంకా తమాషా. ఇంగ్లండులో ఒక భాగస్వామ్యంలో ఇరవై మందికి మించి ఉండకూడదని పందొమ్మిదో శతాబ్దం నాటి చట్టం ఉండేది. సొలిసిటర్లకు (ఎక్కువగా కోర్టు బయటి పని చూసే ఇంగ్లండు లాయర్లకు) ఆ హద్దు తొలగింది 1967లో. ఇప్పుడు వేలమందితో ఉన్న సంస్థలు అప్పటిదాకా చట్టప్రకారం ఇరవై కుర్చీల సంస్థలే. ఈలోగా 1963లో ఒక అప్పుపత్రం లోకం తీరు మార్చింది. ఇటలీలో రహదారులు కట్టే ఆటోస్ట్రాడే కంపెనీకి ఎస్.జి. వార్‌బర్గ్ అనే లండన్ బ్యాంకు కోటీ యాభై లక్షల డాలర్లు అప్పు ఇప్పించింది. న్యూయార్క్ దాకా వెళ్లకుండా యూరప్‌లోనే డాలర్లలో బాండ్లు అమ్మారు. ఇంగ్లండులో జారీచేస్తే స్టాంపు సుంకం పడుతుంది, కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి స్కిపోల్ విమానాశ్రయంలో జారీ చేశారు. వడ్డీ కూపన్లు లగ్జెంబర్గ్‌లో చెల్లించారు, ఇంగ్లండు ఆదాయపన్ను తగలకుండా. ఆ కాగితాల వెనక ఉన్న లాయర్లు అలెన్ అండ్ ఓవరీ అనే లండన్ సంస్థవాళ్లు.

ఆ ఒక్క లావాదేవీని కాస్త నిలబడి చూడండి. ఇటలీ కంపెనీ, లండన్ బ్యాంకు, అమెరికన్ డబ్బు, డచ్ విమానాశ్రయం, లగ్జెంబర్గ్ చెల్లింపు. ఏ ఒక్క దేశం లాయరూ దీన్ని ఒంటిచేత్తో నడపలేడు. అందరి మీదా పెత్తనం చేసేవాడొకడు కావాలి, వాడికి బిల్లు కూడా ఆ స్థాయిలోనే కట్టాలి. కర్ర విరక్కుండా పాము చావకుండా పన్నులు తప్పించుకునే విద్య పెద్దదవుతున్నకొద్దీ లా ఫర్మ్‌లూ పెద్దవయ్యాయి. ఇది నిందగా అనడం లేదు. బ్రోషర్లలో రాసుకునే 'క్లయింట్ల ప్రపంచ అవసరాలు' అన్న మాట విప్పితే లోపల ఉండేది ఇదే.

1984లో న్యూయార్క్ రాష్ట్రం ఇంకో తలుపు తీసింది. రెండున్నర లక్షల డాలర్లకు తగ్గని ఒప్పందమైతే, ఆ రాష్ట్రంతో ఏ సంబంధం లేకపోయినా సరే న్యూయార్క్ చట్టం వర్తిస్తుందని రాసుకోవచ్చని చట్టం చేసింది. ఇంగ్లండు చట్టానికి అప్పటికే ఆ గిరాకీ ఉంది. ప్రపంచంలో పెద్ద ఒప్పందాలు ఎక్కువగా ఈ రెండు చట్టాల కిందికే చేరాయి. ఈ చట్టాలు చదువుకున్న లాయర్లు ఎక్కడికి వెళ్లినా పని దొరికింది. మిగతాదంతా చకచకా జరిగిపోయింది. 1987లో లండన్ సంస్థలు కవర్డ్ ఛాన్స్, క్లిఫర్డ్-టర్నర్ కలిసి క్లిఫర్డ్ ఛాన్స్ అయ్యాయి. 2000 జనవరిలో అది న్యూయార్క్‌లోని రోజర్స్ అండ్ వెల్స్‌నీ, జర్మనీలోని ప్యూండర్‌నీ కలుపుకుంది. మూడు దేశాలు, ఒకే గల్లాపెట్టె అనుకున్నారు. లాక్‌స్టెప్ మెట్లు న్యూయార్క్ లాయర్లలో కొందరికి రుచించలేదు, మెల్లగా జారుకున్నారు. సంతకాల నాడు అందరూ అన్నదమ్ములే. పంపకాల నాడు కదా తెలిసేది.

ఇక్కడికి వచ్చేసరికి తెలివైనవాళ్లు స్విట్జర్లాండ్ వైపు చూశారు.

స్విస్ సివిల్ కోడ్ అరవయ్యో ఆర్టికల్ కింద 'ఫెరైన్' అనే సంఘం పెట్టుకోవచ్చు. మతానికో, కళలకో, దానధర్మాలకో, సరదాగా కూడుకోవడానికో, మొత్తమ్మీద వ్యాపారం కాని పనికి ఉద్దేశించిన ఏర్పాటు. ఫుట్‌బాల్ నడిపే ఫిఫా కూడా స్విస్ చట్టం కింద ఇలాంటి సంఘమే. బేకర్ మెకెంజీ 2004లో ఈ గొడుగు కిందికి వెళ్లింది. తర్వాత డీఎల్ఏ పైపర్, నార్టన్ రోజ్ ఫుల్‌బ్రైట్, డెంటన్స్ అదే బాట పట్టాయి. పద్ధతి ఇది: సంఘం ఒకటి, దాని పేరు ఒకటి, లోగో ఒకటి. దాని సభ్యులు మాత్రం వేర్వేరు లా ఫర్మ్‌లు. ఎవరి లాభం వాళ్లది, ఎవరి అప్పు వాళ్లది, ఎవరి తప్పు వాళ్లది. కోరస్ పాడుకునే సంఘాలకు రాసిన చట్టం కింద వేలమంది లాయర్లు సర్దుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. సంస్థలు ఇక విలీనాల నొప్పులు లేకుండానే రాత్రికి రాత్రి ఖండాలు దాటాయి. పంపకాల పేచీయే లేనప్పుడు కలవడానికి అడ్డేముంది?

అడ్డు జీన్స్ ప్యాంట్ల దగ్గర వచ్చింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రెవొలేజ్ అని ఒక చిన్న కంపెనీ. జీన్స్ బట్టని లేజర్‌తో వెలిసిపోయినట్టు చేసే పద్ధతికి వాళ్ల దగ్గర పేటెంట్లు ఉన్నాయి. పెద్ద బ్రాండ్లు ఆ పద్ధతిని కాజేస్తున్నాయని 2014లో యూఎస్ ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్‌కి ఎక్కారు. ప్రతివాదుల్లో గ్యాప్ అనే బట్టల కంపెనీ ఒకటి. రెవొలేజ్ తరఫు లాయర్లు డెంటన్స్ అమెరికా ఆఫీసువాళ్లు. అదే సమయంలో డెంటన్స్ కెనడా ఆఫీసువాళ్లు గ్యాప్‌కి లాయర్లు. గ్యాప్ అభ్యంతరం చెప్పింది. మేం వేరు, కెనడా వాళ్లు వేరు, మాకూ వాళ్లకూ ఉన్నది స్విస్ సంఘంలో సభ్యత్వమే అని డెంటన్స్ వాదించింది. లోకానికంతా ఒకటే సంస్థనని చెప్పుకుని ఇక్కడికి వచ్చి వేరంటే ఎలా అని కమిషన్ న్యాయమూర్తి ఒప్పుకోలేదు. 2015లో వాళ్లని కేసు నుంచి తప్పించాడు. నడిమధ్యలో లాయర్లు పోయిన రెవొలేజ్ తిరిగి డెంటన్స్ అమెరికా మీదే దావా వేసింది, ఈ సంగతి మాకు ముందే ఎందుకు చెప్పలేదని. 2020లో క్లీవ్‌లాండ్ జ్యూరీ 3.2 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలంది. 2022లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

ఈ కేసు గురించి చదివిన రోజున నాకు ఆ ఎర్రసిరా సున్నా గుర్తొచ్చింది. వాది వకాల్తా, ప్రతివాది వకాల్తా ఒకే లాయరు పుచ్చుకోకూడదన్నది ఈ వృత్తి పుట్టినప్పటి నియమం. ఒక సంస్థలో ఒక లాయరుకి ఉన్న అడ్డు ఆ సంస్థలో అందరికీ అడ్డే. ముగ్గురు లాయర్లున్న ఆఫీసులో ఇది కాఫీ తాగుతూ తేలిపోయే సంగతి. వేలమందిలో ఒక్క 'హెచ్' తేడాతో పడిపోతుంది. సంస్థ పెరిగేకొద్దీ పట్టుకోకూడని కేసులూ పెరుగుతాయి, ఆ బాధ నాకు తెలుసు, ఆ బాధ మీదే నాలుగేళ్లు జీతం తీసుకున్నాను. దానికి మందుగా 'మేం వేరు వేరు' అనడం మాత్రం అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టే.

ఎదుటివాళ్ల వాదనలోనూ పస ఉంది. మొదటిది, ఉమ్మడి గల్లాపెట్టె ఏం ఉద్ధరించింది? 2007లో రెండు పాత న్యూయార్క్ సంస్థలు కలిసి డ్యూయీ అండ్ లెబఫ్ అయ్యాయి. వెయ్యిమందికి పైగా లాయర్లు. పేరున్న పార్ట్‌నర్లని నిలుపుకోవడానికి ఇంత ఇస్తామని ముందే హామీలు రాసిచ్చారు. రాబడి ఆ హామీలకు చాలలేదు. సంగతి పసిగట్టినవాళ్లు ముందు దూకారు, ఉన్నవాళ్లు మునిగారు. 2012 మేలో దివాలా. (ఆ డ్యూయీ ఎవరో కాదు, 1948లో ట్రూమన్ మీద గెలిచాడని ఒక పత్రిక తప్పుగా అచ్చేసిందే, ఆ థామస్ డ్యూయీ. ఆ పేరుకి రెండోసారి కూడా కలిసిరాలేదు.) కూడర్ బ్రదర్స్ అయితే నూటయాభై ఏళ్లు బతికి 2005లో మూసేసుకుంది. లా ఫర్మ్‌కి యంత్రాలు, గోదాములు ఉండవు. ఉన్న ఆస్తంతా సాయంత్రం లిఫ్టెక్కి ఇంటికి వెళ్లిపోతుంది, మర్నాడు వస్తుందో రాదో తెలీదు. అలాంటిచోట ఒక దేశంలో నిప్పంటుకుంటే ఇంకో దేశం కాలిపోకుండా మధ్యలో గోడ ఉండటం మంచిదే కదా అంటారు.

గోడ ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. చైనాకి చెందిన కింగ్ అండ్ వుడ్, ఆస్ట్రేలియాకి చెందిన మాలెసన్స్ 2012లో కలిశాయి. మరుసటేడు లండన్‌లోని ఎస్.జె. బెర్విన్ వచ్చి చేరింది. 2017 జనవరిలో యూరప్ భాగం దివాలా తీసింది. తోటివాళ్లకి ఏమీ కాలేదు, గోడ బాగానే పనిచేసింది. యూరప్‌లో జీతాలు పోయినవాళ్లకి, బాకీ రావాల్సినవాళ్లకి మాత్రం ఆ బోర్డు చూసి నమ్మిన నమ్మకం ఏ గోడకీ అవతల దొరకలేదు. చైనా వాళ్లు అదే పేరుతో లండన్‌లో మళ్లీ పని సాగించారు.

రెండో వాదన, చట్టాలే మమ్మల్ని వేరుగా ఉండమంటున్నాయి అని. ఇది నిజం. చైనాలో విదేశీ సంస్థ చైనా చట్టం మీద ప్రాక్టీసు చెయ్యకూడదు. భారతదేశంలో విదేశీ లాయర్లు ఆఫీసు పెట్టడం కుదరదని, అప్పుడప్పుడు వచ్చి సలహా ఇచ్చి వెళ్లవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తర్వాతే బార్ కౌన్సిల్ నియమాలు కొంత సడలించింది. 2015లో చైనా సంస్థ డచెంగ్‌తో కలిసి లాయర్ల సంఖ్యలో ప్రపంచంలోనే పెద్దదైన డెంటన్స్, 2023లో చైనా కొత్త డేటా నియమాల కారణంగా విడిపోవాల్సి వచ్చింది. వేలకొద్దీ లాయర్లు ఒక్క ప్రకటనతో లెక్కలోంచి పోయారు. తలలు లెక్కపెట్టి గొప్ప చెప్పుకోవడం మీద నాకెందుకు గౌరవం లేదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

వేరుగా ఉండండి, నాకేం అభ్యంతరం లేదు. లండన్‌లోని స్లాటర్ అండ్ మే చాలా దేశాల్లో సొంత బోర్డు పెట్టదు. ఆయా దేశాల్లో మంచి సంస్థలతో స్నేహం పెట్టుకుని, పని వచ్చినప్పుడు అటు పంపుతుంది. వాక్‌టెల్ లిప్టన్‌కి న్యూయార్క్‌లో ఉన్నది ఒక్కటే ఆఫీసు. తలకి ఇంత లాభం అని లెక్కగడితే ఏళ్ల తరబడి పైవరసలోనే ఉంది. పెరగకపోతే బతకలేం అన్న మాట అబద్ధమని ఈ రెండూ నడిచి చూపిస్తున్నాయి. నా పేచీ 'వేరు' అన్న ముక్కని వెబ్‌సైటు అట్టడుగున చీమతల అక్షరాల్లో రాసి, 'ఒకటే' అన్న ముక్కని గుమ్మం మీద ఇత్తడి అక్షరాల్లో రాయడం మీద. రెండూ ఒకే సైజులో రాయమనండి, మిగతాది క్లయింటు చూసుకుంటాడు.

ఉద్యోగం మానేశాక, ఒక స్నేహితుడు తన కంపెనీ కోసం ఇలాంటి సంస్థనే లాయరుగా పెట్టుకుంటూ ఆ ఒప్పందం ఉత్తరం నాకు చూపించాడు. నేను మొదటి పేజీ చదవలేదు, అలవాటు కొద్దీ చివరి పేజీకి వెళ్లాను. సంతకం కింద ఉన్న సంస్థ పేరు పైన లెటర్‌హెడ్ మీద ఉన్నది కాదు. దాని పక్కన ఒక దేశం పేరు, చివర రెండు పొడి అక్షరాలు. "మీ మిగతా ఆఫీసుల్లో మా పోటీదారుకి ఎవరైనా పని చేస్తున్నారా? చేస్తుంటే మా పని పట్టడానికి అది అడ్డనుకుంటారా, లేదా? ఈ రెండూ రాసి ఇవ్వమను" అన్నాను. వాడు మెయిల్ పెట్టాడు. జవాబు మూడు రోజులకి వచ్చింది. మొదటి పేరా 'మా సంస్థ ప్రపంచవ్యాప్తంగా ఒక్కటే జట్టుగా పనిచేస్తుంది' అని మొదలైంది. రెండో పేరా మొదలైంది 'అయితే' అని.